అద్దాల పెట్టెలో మహేంద్రగిరి: బతికున్న మొక్కలా, ప్లాస్టరూ రంగులా?

కొండగాలి (పర్లాకిమిడి):
దసరాకి మన తెలుగువాళ్ల హాల్లో బొమ్మల కొలువు పక్కన ఒక అద్దాల పెట్టె పెట్టాలని అనుకున్నాం. పొడవు 4 అడుగులు, లోతు అడుగున్నర, ఎత్తు 2 అడుగులు. అందులో మహేంద్రగిరి కొండ వాలు, ఒక చిన్న గెడ్డ (కొండవాగు), గెడ్డ ఒడ్డున మొక్కలు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆ తర్వాతే రెండు పక్షాలయ్యాం. నిజం మొక్కలు నాటి, లైటూ పంపూ పెట్టి అడవిని బతికిద్దాం అని ఒక పక్షం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, బట్ట, రంగులతోనే చేద్దాం, మొక్కని గాజులో పెట్టి మూతేసి దానికి ప్రకృతి అని పేరు పెట్టడం తప్పు అని రెండో పక్షం.

నాకు కావలసింది ఒకటే. ఆ పెట్టె ముందు నిలబడిన పిల్లాడికి కొండ మీద ఇష్టం పెరగాలి. కొండని కూడా స్విచ్చితో నడపొచ్చు అనే ధీమా పెరిగితే మనం చేసిన పని చెడిపోయినట్టే. ఏ పద్ధతిలో ఏది జరుగుతుంది? పని తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి. "అందంగా ఉంటుంది", "పాపం కదా" అనే మాటలు ఇక్కడ కావలసినన్ని అయిపోయాయి.

మట్టిగంప (గుణుపురం):
మేస్టారూ, నేను నిజం మొక్కల పక్షం. ముందు లెక్క, తర్వాత వాదం.

మీ పెట్టె అడుగుభాగం 6 చదరపు అడుగులు. అంటే ఏ పొరైనా అంగుళం మందానికి 14 లీటర్ల సరుకు పడుతుంది. అడుగున 2 అంగుళాలు ఇటుక ముక్కలు, శనగగింజంత. జల్లెడ పట్టి, కడిగి వేయాలి. ఇటుక పొడి మిగిలితే నీళ్లలో బురదై, నీరు దిగాల్సిన చోటే గట్టిపడిపోతుంది. దాని మీద నైలాన్ దోమతెర రెండు మడతలు, మట్టి కిందికి జారకుండా. తెర మీద అరంగుళం కట్టెబొగ్గు ముక్కలు. ఆ పైన మట్టి, ముందు 3 అంగుళాలు, వెనక 7 వచ్చేలా వాలుగా. పాళ్లు: కొబ్బరిపొట్టు రెండు, గరుకు ఏటి ఇసుక ఒకటి, బాగా మాగిన ఆకు ఎరువు ఒకటి. కొబ్బరిపొట్టులో ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి. అలా పిండకపోతే ఫెర్న్ ఆకుల అంచులు మాడతాయి. పచ్చి పేడ వద్దు, పిండి ఎరువులు వద్దు. మూతేసిన పెట్టెలో అవి కుళ్లి బూజు పడతాయి, సన్న నల్ల ఈగలు లేస్తాయి.

బరువు మర్చిపోకండి. 6 మిల్లీమీటర్ల గాజే 40 కిలోలు. తడి మట్టి, ఇటుక, రాళ్లు కలిపితే మొత్తం 160 కిలోల దాకా వస్తుంది. హాల్లో ఉండే మడతబల్ల ఆగదు. బల్ల కాస్త కుంగినా గాజు కీలు దగ్గర పగుళ్లిస్తుంది. ఇనుప స్టాండు, దాని మీద ప్లైవుడ్, దాని మీద పలచటి థర్మోకోల్ షీటు, అప్పుడు పెట్టె.

ముఖ్యమైనది వెనక మూలలో గొట్టం. అరంగుళం పీవీసీ గొట్టాన్ని ఇటుక పొర దాకా దించి నిలబెట్టండి. పొడి పుల్ల దించి తీస్తే కింద నీరెంతుందో తడి చెబుతుంది. ఇటుక పొరలో సగం దాటితే సిరంజికి సన్న గొట్టం కట్టి లాగేయాలి. ఇలాంటి పెట్టెలు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. పైన మట్టి ఆరినట్టు కనబడుతుంది, పోస్తూ పోతారు, కింద వేళ్లు నీళ్లలో నానిపోతాయి. మూత తీయగానే పులిసిన వాసన వస్తే అర్థం అదే.

గెడ్డకి 5 వాట్ల అక్వేరియం పంపు చాలు. కానీ గెడ్డ నీళ్లు మట్టికి తగలకూడదు. వేరే ట్రేలో పారించాలి. తగిలితే మట్టి దీపం వత్తిలా పీల్చేస్తుంది, పంపు ఉత్తి గాలి తోడి కాలిపోతుంది. రాళ్లు ఏటివే. అనుమానముంటే నిమ్మరసం చుక్క వేసి చూడండి, నురగొస్తే సున్నపురాయి, పక్కన పెట్టండి. లైటు 6,500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ, టైమర్ పెట్టి రోజుకి 10 గంటలు. ఇంకా పెంచితే గాజంతా పచ్చ పాచి. కిటికీ ఎండ అసలు తగలకూడదు. మూసిన గాజు ఎండలో పొయ్యి అయిపోతుంది, మొక్కలు ఉడికిపోతాయి.

మొక్కలన్నీ నర్సరీవే తెద్దాం: చిన్న ఫెర్న్లు, సెలాజినెల్లా, ఫిట్టోనియా, పెపెరోమియా. మనీప్లాంట్ పెట్టారంటే రెండు నెలల్లో మిగతావాటిని కప్పేస్తుంది. నాచు పాత గోడ మీదిది, నూతి గట్టు మీదిది తీసుకోండి. కొండ మీదిది ముట్టొద్దు.

బంధించడం అంటున్నారు. కుండీ, పొలం, కోనేరు, పూలతోట అన్నీ మనిషి అదుపులోవే. ఈ పెట్టెలో ఆ అదుపు కళ్లకి కనబడుతుంది. తెల్లారి గాజు మీద మంచు పడుతుంది. మూతకి చుక్కలు కట్టి మళ్లీ మట్టిలోకి రాలతాయి. వాన అంటే ఏమిటో పిల్లాడికి ఒక్క అడుగు దూరంలో తెలుస్తుంది. ప్లాస్టర్ కొండ ఈ పని చేయగలదా?

కుంచె (బరంపురం):
చేయలేదు. చేయాలని కూడా నేననుకోను.

మీరు కట్టబోయేదానికి మ్యూజియం ప్రపంచంలో పేరుంది, డయోరమా. వెనక బొమ్మ గీసిన గోడ, ముందు మొక్కలూ జంతువులూ, మధ్యలో చూసేవాడి కన్ను. చనిపోయిన జంతువుల తోళ్లతో బొమ్మలు చేసే కార్ల్ ఏక్లీ 1890లో అమెరికాలోని మిల్వాకీ మ్యూజియంలో చిత్తడినేల ఎలుకలతో ఒకటి చేశాడు. ఆయన పేరున్న ఆఫ్రికా హాలుని నేచురల్ హిస్టరీ మ్యూజియంవాళ్లు న్యూయార్క్‌లో 1936లో తెరిచారు, అప్పటికి ఆయన పోయి పదేళ్లు. అక్కడ అన్నీ చనిపోయిన జంతువులే, మైనపు ఆకులే. 1976లో హిరోషి సుగిమోతో అదే మ్యూజియం డయోరమాలని పెద్ద కెమెరాతో నలుపు తెలుపులో ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. ఒక కన్ను మూసుకుని చూస్తే లోతు పోయి, బొమ్మ కాస్తా నిజమైనట్టు ఉంటుందని ఆయన గమనించాడు. కెమెరాకి ఎలాగూ ఒకటే కన్ను. ఆ ఫొటోలో ఎలుగుబంటి బతికున్నట్టే ఉంటుంది. "నేను ప్రకృతి అనుకుని చూస్తున్నది ఎవరో అమర్చినదే" అన్న ఎరుక ఆ ఫొటో ముందు కలుగుతుంది. కళ చేయాల్సిన పని అదని నా నమ్మకం. నిజం మొక్కల పెట్టె ఆ ఎరుకని రానివ్వదు. పచ్చగా ఉంది కాబట్టి మంచిదే అనిపిస్తుంది, అంతటితో ఆగిపోతాం.

పద్ధతి చెప్తాను. వెనక గోడకి మూలలు కనబడకూడదు. మూల కనబడిన క్షణాన ఆకాశం గది గోడైపోతుంది. పలచటి సన్‌మైకా షీటుని వంచి నిలబెట్టండి, గరుకు వైపు చూసేవాళ్ల దిక్కు రావాలి. నున్నటి వైపు రంగు పట్టదు. దిగంతం చూసేవాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. పిల్లలకి 4 అడుగులనుకుంటే, స్టాండు రెండున్నర అడుగులుంటే, పెట్టెలో అడుగు నుంచి అడుగున్నర ఎత్తున గీత పడాలి. దూరం పోయేకొద్దీ కొండ నీలంగా, పలచగా మారాలి. ఆకుపచ్చతోనే దూరపు కొండ వేస్తే అది ముందుకి దూకుతుంది.

ప్లాస్టర్ రెండు గిన్నెల పొడికి ఒక గిన్నె నీళ్లు. పొడిని నీళ్లలో చల్లాలి. నీళ్లు పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. పది నిమిషాల్లో బిగుస్తుంది కాబట్టి చిన్న గిన్నెల్లో కలుపుకోవాలి. కింద కోడిమెష్ వల, దాని మీద ప్లాస్టర్లో ముంచిన గోనె ముక్కలు. వారం ఆరాకే రంగు. తడి మీద వేస్తే పొక్కులు లేచి ఊడుతుంది. ఆకులు కావాలంటే రాలిన కొమ్మలే తెచ్చి, ఒక పాలు గ్లిజరిన్, రెండు పాళ్లు వేడినీళ్లలో కాడలు ముంచి రెండు మూడు వారాలుంచండి. ఆకు విరగకుండా మెత్తగా ఉండిపోతుంది. రంగు మాత్రం గోధుమకి తిరుగుతుంది, పైన పలచగా పచ్చ వేసుకోవాలి.

ఎక్కువమంది చెడగొట్టేది నీడ దగ్గర. ముందున్న ఆకు నీడ వెనక ఆకాశం మీద పడిందంటే, అంత కష్టమూ అక్కడితో సరి. లైటు పైన, ముందు వైపు, నిటారుగా కిందికి పడేలా పెట్టండి.

తులసికోట (ఛత్రపురం):
ఇద్దరూ బాగా చెప్పారు నాయనా. కానీ కొలువు పక్కన పెడుతున్నారు కదా, కొలువులో అడవి ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఎవరూ తలచుకోలేదేం? రాగులు, ఆవాలు, మెంతులు మొలకెత్తించి పచ్చిక, తోట, కొండవాలు చేయడం మన ఇళ్లలో ఉన్న పనే. అది బతికున్నదే, మనిషి పెంచినదే, మళ్లీ పది పదిహేను రోజుల్లో పోయేదే.

పెళ్లిలో పాలికలు చూడండి. పుట్టమన్ను పోసి నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్లూ చిలకరిస్తారు. మొలకెత్తాక నీళ్లలో కలిపేస్తారు. తిరుమలలో బ్రహ్మోత్సవాల ముందు రోజు అంకురార్పణ కూడా అదే. మొలక రావాలని కోరుకుంటారు, వచ్చాక దాన్ని దాచుకోరు. మీరు ఏళ్ల తరబడి మూత కింద ఉంచేదానికీ దీనికీ తేడా నాకు అక్కడే కనబడుతోంది. పదిహేను రోజులకి మించి బతికించాలన్న పట్టు ఎందుకు?

మట్టిగంప (గుణుపురం):
పిన్నిగారూ, మొలకల అడవి పదో రోజుకి పసుపు తిరిగి ఒరిగిపోతుంది. ఒత్తుగా చల్లుతాం కాబట్టి గాలాడక మొదట్లో తెల్ల బూజు కూడా వస్తుంది. పిల్లలు చివరి రోజు వస్తే వాళ్లకి కనబడేది వాలిపోయిన గడ్డి.

తులసికోట (ఛత్రపురం):
వాలిపోయిన గడ్డే కనబడనీ నాయనా. చివరి రోజు వచ్చినవాడికి అదే నిజం. బూజు గురించి నువ్వన్నది సరే, పొద్దున ఒక్కసారే చిలకరించి, రాత్రికి మట్టి పైన చెమ్మ ఆరేలా చూసుకుంటే రాదు.

వరిపిండి గీత (రాయగడ):
మహేంద్రగిరిని గీయాలంటే అక్కడి సవర గిరిజనుల గోడల్ని చూడకుండా మాట్లాడటం బాగోదని రాస్తున్నాను. గజపతి, రాయగడ జిల్లాల లాంజియా సవరలు ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, చివర నలగ్గొట్టిన వెదురు పుల్లతో ఇడితాల్ అనే బొమ్మ గీస్తారు. పిండి పలచనైతే గీత కారుతుంది, చిక్కనైతే ఆరాక పొట్టులా రాలుతుంది. చుట్టూ గీసే గడి ఒక ఇల్లు. ఆ ఇల్లు సోనుమ్‌లకి, అంటే పితరులకీ దేవతలకీ. లోపల చెట్లు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు. ఈమధ్య వాటి పక్కన సైకిలు, విమానం కూడా వచ్చి చేరాయి. ఏం గీయాలో పూజారి చెబుతాడు.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది వాళ్ల గడికీ మీ గాజుకీ ఉన్న తేడా. రెండూ నాలుగు గీతల మధ్య అడవిని పెడుతున్నాయి. ఇడితాల్ గడి వచ్చేవాళ్ల కోసం కట్టిన ఇల్లు. వస్తారా రారా అన్నది గీసినవాళ్ల చేతుల్లో లేదు. గాజు పెట్టెలో వెలుతురు, నీరు, గాలి, ఎత్తు, అన్నీ మన చేతుల్లోనే ఉన్నాయి. ఆ తేడాని మీ పెట్టె ఎలా చూపిస్తుందో చెప్పండి. చూపించలేకపోతే నేను కుంచె గారి ప్లాస్టర్ వైపే. ఇంకో మాట, అలంకారానికని ఇడితాల్ బొమ్మల్ని పెట్టె చుట్టూ మీరే గీసేయకండి. కావాలంటే సవర చిత్రకారుల్ని పిలిచి, డబ్బిచ్చి, వాళ్లు గీస్తానన్నదే గీయించండి.

నాచు సంగతి మట్టిగంప గారు అన్నది అందరూ గట్టిగా పట్టుకోవాలి. మహేంద్రగిరిని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అరచేయంత నాచు పరుపు ఏళ్ల మీద పెరుగుతుంది, ఊడదీయడానికి చాకు మొన, ఒక్క నిమిషం చాలు. కింద రాయి ఎండిపోతే మళ్లీ పట్టదు.

కుంచె (బరంపురం):
గాజు పెట్టెకి ఒక చరిత్ర ఉంది, అది చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక పురుగు గూడుని సీసాలో మట్టి వేసి మూతపెట్టి ఉంచాడు. దానిలో ఫెర్న్ మొలిచింది, పొగ నిండిన ఆ ఊళ్లో నీళ్లు పోయకుండానే బతికింది. 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీ దాకా బతికి చేరాయి. తర్వాత చైనా తేయాకు మొక్కలు హిమాలయాల వైపుకి, బ్రెజిల్ నుంచి తెచ్చిన గింజలతో లండన్ క్యూ తోటలో మొలిచిన రబ్బరు మొక్కలు 1876లో సిలోన్‌కి, ఈ పెట్టెల్లోనే వచ్చాయి. ఎక్కడి అడవి ఎక్కడ తోటైపోయిందో ఆ పెట్టె నిర్ణయించింది. కాబట్టి "పిల్లలకి వాన చూపిస్తుంది" అన్న ఒక్క మాటతో దాన్ని అమాయకమైన వస్తువని నేననుకోలేను.

ఇప్పపూవు (సిరొంచ):
అన్నా నమస్తే. ఇది గోదావరి, ప్రాణహిత కలిసే జాగ. మా దిక్కు టేకు అడవి ఎట్లుంటదో చెప్తే మీకు పనికొస్తది.

టేకు ప్లాంటేషన్ల రెండు మీటర్లకు ఒక మొక్క, వరుసకు వరుసకు రెండు మీటర్లు. హెక్టారుకు 2,500 మొక్కలు. కొన్నేండ్లకు కొమ్మలు ఒకదానికొకటి తగులుతయి, అప్పుడు ఒకటి ఇడిచి ఒకటి కొట్టేస్తరు. దూరం కెల్లి చూస్తే పచ్చటి అడవే. లోపలికి పోతే అది కూడా పెద్ద పెట్టెనే, గాజు లేదు గంతే. గదే గడ్చిరోలి జిల్లల ఆళ్లపల్లి కాడ ఒక అడవి తునకను కొట్టకుండ ఇడిచిపెట్టిన్రు. దానికి 2014ల మహారాష్ట్ర జీవవైవిధ్య వారసత్వ స్థలమని పేరిచ్చింది. పడ్డ చెట్టు పడ్డకాడనే ఉంటది, చెద తింటది, అండ్ల నుంచే కొత్తది మొలుస్తది. గది కూడా మనిషి నిర్ణయమే. ఒకకాడ గొడ్డలితోటి, ఇంకోకాడ చెయ్యి ముడుచుకొని.

అందుకే నేననేది, పెట్టెల నాలుగోవంతు ఖాళీగ ఇడువుండ్రి. మీ హాలు ఎనుక పెరట్లోని మట్టే తెచ్చి అండ్ల పొయ్యిండ్రి. ఒక్క గింజ ఎయ్యొద్దు. నీళ్లు చల్లి ఊకోండ్రి. ఆ మట్టిల ఏమున్నదో అది మొలుస్తది. గీత అక్క అడిగిందానికి జవాబు గదే కావొచ్చు. వస్తదో రాదో మన చేతుల లేని జాగ ఒకటి.

వరిపిండి గీత (రాయగడ):
తమ్ముడూ, ఇంతసేపటి చర్చలో నాకు ఊపిరాడిన మాట ఇదే.

మట్టిగంప (గుణుపురం):
నాకూ నచ్చింది, కానీ చేసేముందు కొన్ని జాగ్రత్తలు. పెరటి మట్టిలో తుంగ గడ్డలుంటాయి. అవి ఒక్కసారి పక్క భాగంలోకి పాకితే లాగినకొద్దీ తెగి మళ్లీ మొలుస్తాయి. అడుగు నుంచి మట్టి పైకి అంగుళం లేచేదాకా ఒక గాజు పట్టీ నిలబెట్టి సిలికాన్‌తో అతికించాలి. సిలికాన్ ఆరడానికి రెండు రోజులు, పులుపు వాసన పూర్తిగా పోయాకే మట్టి పోయాలి. చీమలు, నత్త గుడ్లు వస్తాయి. నత్తలు పక్కకి పాకి ఫిట్టోనియాని రాత్రికి రాత్రే తినేస్తాయి. మట్టిని వేడి చేసి చంపేద్దామా అంటే గింజలు కూడా పోతాయి, ఆ భాగం పెట్టిన అర్థమే పోతుంది. కాబట్టి నత్తల్ని చేత్తో ఏరాల్సిందే. పైపై మట్టి 2 అంగుళాలు మాత్రమే తీసుకోండి, మొలిచే గింజలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. దసరా మొదలవడానికి 20 రోజుల ముందు తడపాలి.

కుంచె గారి వంచిన ఆకాశం కూడా వదులుకోనక్కర్లేదు. షీటుని వెనక గాజుకి బయట నిలబెడదాం. మొక్కలు లోపల, కొండ బయట.

కుంచె (బరంపురం):
పొద్దున్నే వెనక గాజంతా మంచు పడుతుంది అని మీరే అన్నారు. నెల రోజులు కూర్చుని వేసిన కొండ మాయమైపోతుంది.

కొండగాలి (పర్లాకిమిడి):
మాయం కానివ్వండి. దాదాపు 1,500 మీటర్ల కొండ అది. వానాకాలం పొద్దుల్లో దాన్ని చూడాలని పోయినవాళ్లకి కనబడేది మబ్బే. పది గంటలకి మంచు కరిగాక కొండ బయటపడితే, ఆ పెట్టెలో నిజానికి దగ్గరగా ఉన్నది అదే అవుతుంది.

ఇంకో ప్రశ్న. గెడ్డలో రెండు చేపపిల్లలు వేద్దామని కొందరు అంటున్నారు. దోమ పిల్లల్ని తింటాయట.

కుంచె (బరంపురం):
వద్దు మేస్టారూ. 2000లో డెన్మార్క్‌లోని ట్రాఫోల్ట్ మ్యూజియంలో మార్కో ఎవరిస్టి అనే కళాకారుడు పది మిక్సీల్లో నీళ్లు పోసి బంగారు చేపల్ని వదిలాడు. ప్లగ్గు పెట్టే ఉంది, మీట చూసేవాళ్ల చేతికి అందేలా ఉంది. కొందరు నొక్కారు. మ్యూజియం అధికారి మీద కేసయింది. చేపలు క్షణంలో పోయాయి, బాధ పడలేదని చివరికి కోర్టు ఆయన్ని వదిలేసింది. మీరు మొదట్లో స్విచ్చి గురించి అడిగారే, ఆ భయానికి అంతకన్నా నగ్నమైన ఉదాహరణ నాకు తెలియదు. ఆ పని నాకు నచ్చదు. అయినా అది అడిగిన ప్రశ్న నన్ను వదలదు: ప్రాణి ముందు మీట పెడితే మనిషి చెయ్యి ఆగుతుందా?

మట్టిగంప (గుణుపురం):
చేపకి పని పరంగా కూడా చోటు లేదు. ట్రేలో పట్టేది 15 లీటర్లు. లైటు కింద పగలు వేడెక్కి, రాత్రి చల్లబడుతుంది. కరెంటు పోయి పంపు ఆగితే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. దోమలకి చేప ఎందుకు, నీళ్లు పైపైన కదులుతూ ఉంటే గుడ్లు పెట్టవు. రాత్రి పంపు ఆపకండి, అంతే.

కుంచె (బరంపురం):
ఇప్పుడు నా అసలు అభ్యంతరం. ఒక మూల నర్సరీ మొక్కలు, ఒక మూల పెరటి మట్టి, వెనక నా కొండ, పక్కన పిన్నిగారి మొలకలు. అందర్నీ సంతోషపెట్టేలా కలిపితే అది అంగడి అవుతుంది. కళకి ఒక్క మాటుండాలి. 1969లో హాన్స్ హాకె అనే కళాకారుడు ఒక గదిలో మట్టి కుప్ప పోసి గడ్డి విత్తనాలు చల్లాడు, అది పెరిగింది, పేరు కూడా "గడ్డి పెరుగుతుంది" అనే. ఇంకేమీ కలపలేదు. అందుకే ఇన్నేళ్లైనా దాన్ని తలుచుకుంటున్నాం.

నా ప్రతిపాదన ఇది. లైటు, టైమర్, పంపు తీగ, కత్తెర, సిరంజి, మూలనున్న గొట్టం, వీటిని ఆకుల వెనక దాచకండి. అందరూ దాచేది వాటినే. టైమర్‌ని పిల్లల కంటి ఎత్తులో బిగించండి, కానీ పైన పారదర్శకమైన మూత పెట్టి, చేతికి అందకుండా. రోజూ కత్తిరించిన ఆకుల్ని పెట్టె ముందు ఒక పళ్లెంలో ఆ రోజు తారీకుతో ఉంచండి. ఎదురుగా ఇప్పపూవు చెప్పిన పెరటి మట్టి భాగం, తీగ లేకుండా, కత్తెర లేకుండా. అదుపు ఎంత పనో ఒక పక్క, అదుపు లేకపోతే ఏమవుతుందో ఇంకో పక్క. ఆ రెండిటికీ నా కొండ వెనక నిలబడుతుంది. ఇలా అయితే ప్లాస్టర్ మాట వదులుకుంటాను.

మట్టిగంప (గుణుపురం):
కత్తిరింపులు పళ్లెంలో పెట్టడం మంచి ఆలోచన, కానీ రోజూ కత్తిరించేంత పెరగవు. మూడు రోజులకోసారి అనుకోండి. ఒకసారికి మొక్కలో మూడోవంతు మించి తీయకూడదు, అంతకు మించితే చిగురు ఆగిపోతుంది. పెరటి భాగానికి పైన లైటు పడాలి మరి. తీగ లేకుండా అంటే మొలకలు సన్నగా, తెల్లగా లైటు వైపు సాగుతాయి.

ఇప్పపూవు (సిరొంచ):
సాగనియ్యుండ్రి అన్నా. లైటు దిక్కు అవి ఎట్ల వంగినయో చూస్తే పిల్లగాండ్లకు ఎరుకైతది.

వరిపిండి గీత (రాయగడ):
నాకు మాత్రం ఒక ఇబ్బంది మిగిలింది. దసరా అయ్యాక నర్సరీ మొక్కల సంగతేంటి? పాలికలకి ముగింపు ఉంది, గోడ మీద బియ్యప్పిండికి ముగింపు ఉంది. ఫెర్న్లకి లేదు. హాలు తాళం పడ్డాక టైమర్ వెలుగుతూనే ఉంటుంది, సిరంజి పట్టుకునేవాళ్లుండరు. ఎవరు తీసుకెళ్తారో పేర్లు ముందే రాసుకోకుండా నాటడానికి నేను ఒప్పుకోను.

మట్టిగంప (గుణుపురం):
సరైన మాట అక్కా. పెట్టెలో నేరుగా నాటకుండా, 3 అంగుళాల చిల్లుల కప్పుల్లోనే ఉంచి, కప్పుల్ని మట్టిలో పాతేద్దాం. తీయడం తేలిక, వేళ్లు తెగవు. 18 కప్పులు పడతాయి. ఇంటికి పంపేముందు మూత మొదటి రోజు రెండు వేళ్ల సందు, తర్వాత రోజూ కాస్త కాస్త పెంచుతూ ఐదు రోజులకి పూర్తిగా తీయాలి. ఒక్కసారిగా బయట పెడితే చెమ్మకి అలవాటుపడ్డ ఆకులు గంటల్లో వేలాడిపోతాయి.

కొండగాలి (పర్లాకిమిడి):
18 పేర్ల కాగితం రేపటి నుంచి హాలు తలుపు మీద ఉంటుంది. పేర్లు నిండితేనే కప్పులు కొంటాం. నిండకపోతే ఆ భాగం కూడా పెరటి మట్టే. వెనక కొండ కుంచె గారిదే. టైమర్ బయటే. చేప లేదు. ఇడితాల్ విషయం సవర చిత్రకారుల్ని అడిగాకే. పెట్టె ముందు వరుస మొలకలు పిన్నిగారివి. అంగడి అవుతుందన్న మాట నా మనసులో ఉంది కుంచె గారూ, మొలకల్ని పెట్టె బయట, కొలువు వైపే ఉంచుతాను. పిన్నిగారూ, రాగులు ఎప్పుడు నానబెట్టాలి?

తులసికోట (ఛత్రపురం):
పాడ్యమికి ఏడు రోజుల ముందు నాయనా. ఆరు చదరపు అడుగులకి రాగులు పావుకిలో చాలు. రాత్రి నానబోసి, పొద్దున వంపేసి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజుంచు. తెల్లటి మొన కనబడగానే అంగుళం మందం ఇసుక కలిపిన మెత్తని మట్టి మీద గింజ పక్కన గింజ పడేలా చల్లు, ఒకదాని మీద ఒకటి పడితే కిందది కుళ్లుతుంది. పైన తడిగుడ్డ రెండు రోజులు, తర్వాత తీసేయ్. ట్రే కాళ్లు నీళ్లున్న మూతల్లో పెట్టు, చీమలు రాగుల్ని ఒక్క రాత్రిలో మోసుకుపోతాయి. ఆవాలు మూడు రోజుల తర్వాత చల్లినా అందుకుంటాయి.